అంతరిక్ష నౌకలకు అణు చోదనం: విజ్ఞానశాస్త్రం, వైజ్ఞానిక కల్పన – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

అంతరిక్ష నౌకలను అణుశక్తితో నడపవచ్చుననే ఊహ ఇరవయ్యో శతాబ్దపు తొలి సంవత్సరాలలోనే పుట్టింది. 1959 నుండి 1970ల ఆరంభం వరకు అమెరికాలోని నెవాడా ఎడారిలో అణు రాకెట్ రియాక్టర్లు నేల మీద పనిచేసి చూపాయి. అయినప్పటికీ నేటివరకు ఒక్క అణు ఉష్ణ రాకెట్ కూడా అంతరిక్షంలో ప్రయాణించలేదు. ఈ వైరుధ్యానికి సాంకేతిక కారణాలు మాత్రమే చాలవు. అణు ఇంజను తెచ్చే ప్రమాదాన్ని ఎవరు భరించాలి, ఎవరి సమ్మతితో, ఏ ప్రయోజనం కోసం భరించాలి అన్న ప్రశ్న దీని చరిత్రను నిర్ణయించింది. ఈ ప్రశ్న వైజ్ఞానిక కల్పనలో 1950 నాటికే స్పష్టంగా కనిపిస్తుంది. రోవర్–నెర్వా, ఒరాయన్ పథకాల చరిత్రను సమకాలీన కల్పనా రచనలతో, చలనచిత్రాలతో కలిపి పరిశీలించి ఈ విషయాన్ని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: అణు చోదనం, రోవర్, నెర్వా, ఒరాయన్, ఫ్రీమన్ డైసన్, వైజ్ఞానిక కల్పన, పాక్షిక అణు పరీక్షల నిషేధ ఒప్పందం.

1. ఉపోద్ఘాతం:

సాంకేతిక చరిత్ర సాధారణంగా విజయాల చరిత్రగా రాయబడుతుంది. ఆవిరి యంత్రం, విమానం, కంప్యూటరు వంటివి ఎలా పుట్టాయో, ఎలా వ్యాపించాయో చెప్పే గ్రంథాలు ఎన్నో ఉన్నాయి. పనిచేసి కూడా వాడుకలోకి రాని యంత్రాల చరిత్ర అంతగా రాయబడలేదు. అణు రాకెట్ అటువంటి యంత్రం.

దీని చరిత్రను రెండు రకాల ఆధారాల నుండి గ్రహించవచ్చు. ప్రయోగశాలల నివేదికలు, ప్రభుత్వ నిర్ణయాలు, అంతర్జాతీయ ఒప్పందాలు మొదటి రకం. నవలలు, చిత్రకథలు, చలనచిత్రాలు రెండవ రకం. రెండవ రకాన్ని వినోద సామగ్రిగా పక్కన పెట్టడం, లేదా అందులో నిజమైన జోస్యాల కోసం మాత్రమే వెతకడం పరిపాటి. అయితే ఒక కల్పన భవిష్యత్తును సరిగ్గా ఊహించిందా లేదా అన్నది చరిత్రకారునికి అంత ముఖ్యం కాదు. ఆ కాలపు సమాజం ఒక యంత్రం గురించి ఏమి ఆశించింది, దేనికి భయపడింది, దేనిని చూడడానికి ఇష్టపడలేదు అన్న విషయాలకు కల్పన సాక్ష్యం. అణు చోదనం విషయంలో ఈ సాక్ష్యం ప్రత్యేకంగా విలువైనది. ఎందుకంటే ఇంజనీర్లు "ఇది సాధ్యమేనా?" అని అడుగుతున్న కాలంలోనే కథకులు "దీనికి అనుమతి ఎవరివ్వాలి?" అని అడిగారు.

2. అణు చోదనం – మూలసూత్రం:

రాకెట్ తన వెనుక నుండి పదార్థాన్ని వేగంగా వెలువరించి ముందుకు సాగుతుంది. వెలువడే పదార్థపు వేగం ఎంత ఎక్కువైతే, అదే పనికి అంత తక్కువ పదార్థం సరిపోతుంది. రష్యన్ శాస్త్రవేత్త కాన్‌స్టాంటిన్ త్సియోల్కోవ్‌స్కీ 1903లో ప్రచురించిన రాకెట్ సమీకరణం చెప్పేది ఇదే.

రసాయన రాకెట్‌లో ఇంధనమే శక్తినిస్తుంది, అదే మండి వాయువుగా బయటికి పోతుంది. హైడ్రోజన్, ఆక్సిజన్‌తో కలిసి మండినప్పుడు వెలువడేది ప్రధానంగా నీటి ఆవిరి. దాని అణుభారం 18. అణు ఉష్ణ రాకెట్‌లో ఈ రెండు పనులు వేరవుతాయి. యురేనియం విచ్ఛిత్తి వల్ల రియాక్టరు వేడెక్కుతుంది. ఆ వేడి గర్భం గుండా పంపిన ద్రవ హైడ్రోజన్ వాయువుగా మారి, వ్యాకోచించి, నాజిల్ ద్వారా వెలువడుతుంది. ఇక్కడ ఏదీ మండదు. హైడ్రోజన్ అణుభారం 2 మాత్రమే. ఒకే ఉష్ణోగ్రత వద్ద తేలికైన అణువులు ఎక్కువ వేగంతో కదులుతాయి. అందువల్ల రియాక్టరు ఉష్ణోగ్రత రసాయన జ్వాల ఉష్ణోగ్రత కంటే తక్కువైనా, వెలువడే వాయువు వేగం సుమారు రెట్టింపు ఉంటుంది. ఇంజను సామర్థ్యానికి కొలమానమైన విశిష్ట ప్రచోదనం ఉత్తమ రసాయన ఇంజన్లలో సుమారు 450 సెకన్లు కాగా, నెర్వా ఇంజనుకు అది సుమారు 825 సెకన్లుగా లెక్కించారు.

అణు చోదనానికి మరో రెండు ప్రధాన మార్గాలున్నాయి. రియాక్టరు ఉత్పత్తి చేసే విద్యుత్తుతో అయాన్లను వేగవంతం చేయడం ఒకటి. దీనిలో తోపుడు బలం అత్యల్పం, కానీ నెలల తరబడి నిలిచి ఉంటుంది. నౌక వెనుక చిన్న అణుబాంబులను ఒకదాని తరువాత ఒకటి పేల్చి, ఆ తాకిడితో నౌకను నెట్టడం మరొకటి. వాయేజర్ వంటి నౌకలలోని ప్లుటోనియం విద్యుత్ జనకాలు ఈ కోవలోకి రావు. అవి పరికరాలకు విద్యుత్తునిస్తాయే తప్ప నౌకను నెట్టవు.

3. తొలి ఊహలు – రేడియం నుండి యురేనియం వరకు:

రేడియోధార్మికత కనుగొన్న కొద్ది సంవత్సరాలకే అంతరిక్ష యానంతో దానికి ముడిపడింది. అమెరికన్ రాకెట్ శాస్త్రవేత్త రాబర్ట్ గొడ్డార్డ్ 1907లో విద్యార్థిగా రాసిన వ్యాసంలోనే గ్రహాంతర యానానికి పరమాణు శక్తిని ప్రస్తావించారు. త్సియోల్కోవ్‌స్కీ 1911–12 నాటి రచనలో రేడియం విఘటనాన్ని వేగవంతం చేయగలిగితే రాకెట్‌కు అపార శక్తి లభిస్తుందని సూచించారు. అయితే రేడియం తన శక్తిని ఎంత నెమ్మదిగా విడుదల చేయాలో ప్రకృతే నిర్ణయించింది. దానిని తొందరపెట్టే ఉపాయం ఎవరికీ తెలియదు.

ఆ ఉపాయం దొరికితే ఏమవుతుందో హెచ్.జి. వెల్స్ 1914లో ప్రచురించిన 'ది వరల్డ్ సెట్ ఫ్రీ' నవలలో ఊహించారు. 'అణుబాంబు' అన్న మాట ఈ నవల ద్వారా ప్రచారంలోకి వచ్చింది. అందులో పరమాణు శక్తి మొదట రవాణాను, పరిశ్రమను మార్చివేస్తుంది, తరువాత నగరాలను దహిస్తుంది. భౌతిక శాస్త్రవేత్త లియో సిలార్డ్ ఈ నవలను 1932లో చదివారు. మరుసటి ఏడాదే శృంఖల చర్య భావన ఆయనకు స్ఫురించింది. 1938 డిసెంబరులో బెర్లిన్‌లో ఆటో హాన్, ఫ్రిట్జ్ స్ట్రాస్‌మన్ చేసిన ప్రయోగాలను లీసా మైట్నర్, ఆటో ఫ్రిష్ కేంద్రక విచ్ఛిత్తిగా వివరించారు. అలా ఊహకు ఆధారం ఏర్పడింది. వెల్స్ నవల ఒక విషయాన్ని ముందే స్థిరపరచింది. నడిపే శక్తి, నాశనం చేసే శక్తి ఒకటే. అణు రాకెట్ తరువాతి చరిత్ర అంతటా ఈ జంట స్వభావం దానిని వెన్నాడింది.

4. కల్పనలో అనుమతి ప్రశ్న – 1947 నుండి 1954 వరకు:

హిరోషిమా, నాగసాకిల తరువాత అణు రాకెట్ కల్పనలో సర్వసాధారణమైంది. రాబర్ట్ హైన్‌లైన్ 1947 నాటి బాలల నవల 'రాకెట్ షిప్ గెలీలియో'లో ముగ్గురు కుర్రవాళ్లు, ఒక శాస్త్రవేత్త కలిసి అణు రాకెట్‌లో చంద్రునిపైకి వెళతారు. ఆర్థర్ సి. క్లార్క్ 1947లో రాసి 1951లో ప్రచురించిన 'ప్రెల్యూడ్ టు స్పేస్' నవలలో అణు నౌక ఆస్ట్రేలియా ఎడారి నుండి బయలుదేరుతుంది. ఇదే కాలంలో బ్రిటిష్ గ్రహాంతర సంఘం పత్రికలో ఎల్.ఆర్. షెపర్డ్, ఎ.వి. క్లీవర్ అణు రాకెట్ గురించి సాంకేతిక వ్యాసాలు ప్రచురించారు. క్లార్క్ ఆ సంఘంలో ప్రముఖ సభ్యుడు. కల్పనకూ సాంకేతిక చర్చకూ మధ్య అప్పట్లో గోడ లేదు.

ఈ దశలో రెండు రచనలు ప్రత్యేకంగా పరిశీలించదగినవి. మొదటిది జార్జ్ పాల్ నిర్మాతగా, ఇర్వింగ్ పిషెల్ దర్శకత్వంలో 1950లో వెలువడిన 'డెస్టినేషన్ మూన్' చలనచిత్రం. హైన్‌లైన్ దీని రచనలో పాలుపంచుకున్నారు. ఇందులోని నౌక నీటిని అణుశక్తితో వేడిచేసి ఆవిరిగా వెలువరిస్తుంది. రేడియోధార్మికత భయంతో ఇంజను పరీక్షకు అధికారులు అనుమతి నిరాకరిస్తారు. నాయకులు ఆ నిషేధం అమలయ్యేలోగానే నౌకను ప్రయోగిస్తారు. చిత్రం వారి పక్షాన నిలుస్తుంది. అభ్యంతరం చెప్పే ప్రజలు, అధికారులు ప్రగతికి అడ్డుపడే వారిగా కనిపిస్తారు. ఆ భయం సహేతుకమా కాదా అన్న చర్చకు చిత్రం తావివ్వదు.

రెండవది బెల్జియం చిత్రకథకుడు ఎర్జే సృష్టించిన టిన్‌టిన్ చంద్రయాత్ర. ఇది 1950లో పత్రికలో ధారావాహికగా మొదలై, 1953, 1954 సంవత్సరాలలో రెండు సంపుటాలుగా వెలువడింది. ఇందులోని రాకెట్‌కు రెండు ఇంజన్లుంటాయి. నేల నుండి లేచేటప్పుడు, దిగేటప్పుడు సాధారణ రసాయన ఇంజను పనిచేస్తుంది. దూరం వెళ్లిన తరువాతనే అణు ఇంజను అందుకుంటుంది. ప్రయోగ స్థలం రేడియోధార్మికతతో కలుషితం కాకూడదన్నదే దీనికి కారణం.

ఒకే ఏడాది మొదలైన ఈ రెండు కథలు ఒకే ప్రశ్నకు రెండు జవాబులిచ్చాయి. అమెరికన్ చిత్రం అభ్యంతరాన్ని దాటి వెళ్లింది. బెల్జియన్ చిత్రకథ అభ్యంతరాన్ని ఇంజను రూపకల్పనలోకి తీసుకుంది. తరువాతి పాతికేళ్ల వాస్తవ చరిత్ర ఈ రెండు వైఖరుల మధ్యనే నడిచింది.

5. రోవర్, నెర్వా – నేల మీద గెలిచిన ఇంజను:

ఓక్‌రిడ్జ్‌లో పనిచేస్తున్న రాబర్ట్ బసార్డ్ 1953లో అణు రాకెట్ సాధ్యమేనని చూపే అధ్యయనాన్ని సమర్పించారు. 1955లో లాస్ అలమోస్ ప్రయోగశాలలో రోవర్ పథకం ప్రారంభమైంది. మొదటి ఉద్దేశం ఖండాంతర క్షిపణులను నడపడం. రసాయన ఇంజన్లు ఆ పనికి సరిపోతాయని తేలాక పథకం అంతరిక్ష యానం వైపు మళ్లింది. మొదటి రియాక్టర్ల వరుసకు 'కివి' అని పేరు పెట్టారు. అవి ఎగరడానికి కాక పరీక్షకే ఉద్దేశించినవి కాబట్టి ఎగరలేని పక్షి పేరు సరిపోయింది.

నెవాడాలోని జాకాస్ ఫ్లాట్స్‌లో 1959 జూలై 1న కివి–ఎ మొదటిసారి పనిచేసింది. 1961 మే 25న అమెరికన్ కాంగ్రెస్ ఎదుట చంద్రయాత్ర లక్ష్యాన్ని ప్రకటించిన ప్రసంగంలోనే అధ్యక్షుడు జాన్ కెన్నెడీ రోవర్ పథకాన్ని వేగవంతం చేయడానికి అదనంగా 2.3 కోట్ల డాలర్లు కోరారు. చంద్రుని గురించిన మాటలు చరిత్రలో నిలిచాయి. రోవర్ గురించిన మాటలు మరుగునపడ్డాయి. అదే ఏడాది నాసా, అణుశక్తి సంఘం ఉమ్మడి పర్యవేక్షణలో ఏరోజెట్, వెస్టింగ్‌హౌస్ సంస్థలతో నెర్వా ఇంజను నిర్మాణం మొదలైంది.

సమస్యలు తక్కువేమీ కావు. సున్నా కంటే 253 డిగ్రీల సెల్సియస్ దిగువన ఉండే ద్రవ హైడ్రోజన్ కొద్ది క్షణాలలో 2,000 డిగ్రీలు దాటి వేడెక్కాలి. ఆ ఉష్ణోగ్రత వద్ద హైడ్రోజన్ గ్రాఫైటును తినివేస్తుంది. 1962 నవంబరు 30న కివి–బి4ఎ పరీక్షలో వాయు ప్రవాహం పుట్టించిన కంపనాలకు ఇంధన కడ్డీలు విరిగి, ముక్కలు నాజిల్ గుండా ఎగిరిపడ్డాయి. అమరికను మార్చి, కడ్డీలకు నియోబియం కార్బైడ్ పూత వేసి ఇంజనీర్లు ఒక్కొక్క లోపాన్నీ సరిదిద్దారు. 1967 డిసెంబరులో ఎన్.ఆర్.ఎక్స్.–ఎ6 రియాక్టరు ఒకే విడతలో సుమారు గంటసేపు పూర్తి శక్తితో నడిచింది. 1968 జూన్‌లో ఫీబస్–2ఎ రియాక్టరు 4,000 మెగావాట్లు దాటిన శక్తితో 12 నిమిషాలకు పైగా పనిచేసింది. 1969లో ఎక్స్.ఇ. ఇంజనును 20కి పైగా సార్లు ఆపి మళ్లీ నడిపారు.

ఈ విజయాలకు ఒక నేపథ్యం ఉంది. పరీక్షలలో వెలువడిన హైడ్రోజన్ నేరుగా ఆరుబయట గాలిలో కలిసింది. ప్రమాదం ఎంత దూరం వ్యాపిస్తుందో తెలుసుకోవడానికి 1965 జనవరి 12న ఒక కివి రియాక్టరును ఉద్దేశపూర్వకంగానే పేల్చివేశారు. అదే ఏడాది జూన్‌లో ఫీబస్–1ఎ పరీక్షలో హైడ్రోజన్ మట్టం చూపే సాధనం తప్పు చూపడంతో ఇంధనం అయిపోయి రియాక్టరు దెబ్బతింది. ఆ స్థలాన్ని శుభ్రపరచడానికి సుమారు రెండు నెలలు పట్టింది. ఎడారి నిర్జనమన్న భావనపై ఈ పరీక్షలు ఆధారపడ్డాయి. కానీ నెవాడా పరీక్షా క్షేత్రం 1863 నాటి రూబీ వ్యాలీ ఒడంబడిక ప్రకారం తమదేనని పశ్చిమ షోషోనీ ప్రజలు చెప్పే భూమిలో ఉంది. సోవియట్ యూనియన్‌లోనూ అణు రాకెట్ రియాక్టర్ల పరీక్షలు కజకిస్తాన్‌లోని సెమీపలాటిన్‌స్క్ ప్రాంతంలో జరిగాయి. 'ప్రెల్యూడ్ టు స్పేస్'లో క్లార్క్ ఎంచుకున్న ఎడారి, వాస్తవ ప్రభుత్వాలు ఎంచుకున్న ఎడారులు ఒకే తర్కానికి చెందినవి. సమ్మతి అడగనక్కరలేని చోటుగా వాటిని భావించారు.

నెర్వా ఆగిపోవడానికి మాత్రం ప్రజల అభ్యంతరం ప్రధాన కారణం కాదు. గమ్యం లేకపోవడమే కారణం. 1969 ఆగస్టులో వెర్నర్ వాన్ బ్రౌన్ అణు ఇంజన్లతో 1982 నాటికి అంగారకునిపై మనుషులను దింపే ప్రణాళికను ప్రతిపాదించారు. చంద్రయాత్ర నెరవేరింది, వియత్నాం యుద్ధం సాగుతోంది, నిధులు తగ్గుతున్నాయి. నిక్సన్ ప్రభుత్వం అంగారక యాత్రను అంగీకరించలేదు. ఆ యాత్ర లేకుండా అణు ఇంజను అవసరం లేదు. 1973 జనవరిలో పథకం రద్దయింది. అప్పటికి సుమారు 140 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి. ఏ ఇంజనూ నేల విడవలేదు.

6. ఒరాయన్ – ఒప్పందానికి తలవంచిన నౌక:

బాంబులతో నౌకను నడపాలన్న భావన గణిత శాస్త్రవేత్త స్టానిస్లా ఉలమ్‌ది. 1955లో కార్నీలియస్ ఎవరెట్‌తో కలిసి ఆయన దీనిపై లాస్ అలమోస్‌లో నివేదిక రాశారు. 1958లో కాలిఫోర్నియాలోని జనరల్ అటామిక్ సంస్థలో టెడ్ టేలర్ నాయకత్వాన ఒరాయన్ పథకం మొదలైంది. టేలర్ అంతకుముందు అణుబాంబుల రూపశిల్పి. ప్రిన్స్‌టన్ ఉన్నత అధ్యయన సంస్థ నుండి సెలవు తీసుకుని భౌతిక శాస్త్రవేత్త ఫ్రీమన్ డైసన్ ఆయనతో చేరారు.

నౌక అడుగున మందమైన లోహపు పలక ఉంటుంది. దాని వెనుక కొంత దూరంలో బాంబు పేలుతుంది. ఆవిరైన పదార్థం పలకను ఢీకొంటుంది. పలకకూ నౌకకూ మధ్య ఉండే భారీ అదురు నిరోధకాలు ఆ తాకిడిని మనుషులు భరించగల త్వరణంగా మారుస్తాయి. తొలి రూపకల్పనలలో ఒకటి 4,000 టన్నుల నౌక. 1965 నాటికి అంగారకుడు, 1970 నాటికి శనిగ్రహం వారి నినాదం. 1959 నవంబరులో శాండియాగో దగ్గర సుమారు ఒక మీటరు వెడల్పు గల నమూనా రసాయన పేలుళ్ల సహాయంతో గాలిలోకి లేచి, పారాచూట్‌తో క్షేమంగా దిగింది. ఊహ అసంబద్ధం కాదని అది రుజువు చేసింది.

అయితే ఈ నౌక నేల నుండి లేవాలంటే వాతావరణంలోనే బాంబులు పేలాలి. ప్రతి ప్రయోగం వల్ల వ్యాపించే రేడియోధార్మిక ధూళి భూమి మీద ఎక్కడో కొందరి ప్రాణాలు తీయవచ్చని డైసన్ అంచనా వేశారు. ఆ మృతులెవరో ఎప్పటికీ తెలియదు. వారిలో ఎవరూ శనిగ్రహానికి వెళ్లాలని కోరుకున్నవారు కాకపోవచ్చు. 'డెస్టినేషన్ మూన్' తప్పించుకున్న ప్రశ్న ఇక్కడ అంకెగా మారి ఎదురు నిలిచింది.

డైసన్ మొదట అణు పరీక్షల నిషేధాన్ని వ్యతిరేకించారు. 1960లో ఆ అభిప్రాయాన్ని బహిరంగంగా ప్రచురించారు కూడా. తరువాత ఆయన మనసు మారింది. 1963లో పాక్షిక అణు పరీక్షల నిషేధ ఒప్పందానికి అనుకూలంగా అమెరికన్ సెనేట్ ఎదుట సాక్ష్యమిచ్చారు. వాతావరణంలో, అంతరిక్షంలో, నీటి అడుగున అణు విస్ఫోటాలను నిషేధించిన ఆ ఒప్పందం 1963 అక్టోబరు 10న అమలులోకి వచ్చింది. తాను ఎంతగానో ప్రేమించిన నౌకకు అది మరణశాసనమని ఆయనకు తెలుసు. 1965లో ఒరాయన్ ముగిసింది. అదే ఏడాది 'సైన్స్' పత్రికలో డైసన్ ఆ పథకపు మరణం గురించి వ్యాసం రాశారు. సాంకేతిక ప్రపంచంలో ఒక పెద్ద ముందడుగును రాజకీయ కారణాలతో ఆపివేయడం అందులో ఆయన గుర్తించిన ప్రత్యేకత. టేలర్ కూడా తరువాతి జీవితంలో అణ్వాయుధాల వ్యాప్తిని అరికట్టే కృషికి మళ్లారు.

ఈ ఘట్టాన్ని విజ్ఞానంపై రాజకీయాల విజయంగా చదవడం పరిపాటి. డైసన్ సాక్ష్యం ఆ పఠనాన్ని సంక్లిష్టం చేస్తుంది. ఒప్పందం పక్షాన నిలిచినవారిలో ఆ నౌక నిర్మాతే ఉన్నారు. సమ్మతి ప్రశ్న బయటినుండి వచ్చి విజ్ఞానాన్ని అడ్డుకోలేదు. శాస్త్రవేత్త తన లెక్కలలోనే దానిని చూశారు.

7. ఒప్పందం తరువాతి కల్పన:

1968లో విడుదలైన '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' చిత్రానికి ముందుగా ఆలోచించిన నౌకలలో ఒరాయన్ తరహా నౌక ఒకటి. స్టాన్లీ కూబ్రిక్ దానిని వదిలివేశారు. అణుయుద్ధంపై వ్యంగ్య చిత్రం 'డాక్టర్ స్ట్రేంజ్‌లవ్' తీసిన దర్శకుడు వెంటనే బాంబులతో నడిచే నౌకను చూపితే, బాంబుతో రాజీపడ్డాడన్న భావన కలుగుతుందనేది దీనికి చెప్పే కారణాలలో ఒకటి. చిత్రంలోని డిస్కవరీ నౌక అణుశక్తితోనే నడుస్తుంది. కానీ ప్రేక్షకునికి కనిపించేది దాని పొడవైన సన్నని వెన్నెముక మాత్రమే. ఒక కొసన మనుషులు, రెండవ కొసన రియాక్టరు. ఆ పొడవు రేడియోధార్మికత నుండి రక్షణకు అవసరమైన దూరం. 1950లో గర్వంగా చూపిన అణు ఇంజను 1968 నాటికి దూరంగా ఉంచవలసిన వస్తువైంది.

1980లలో ఒరాయన్ కల్పనలోకి బహిరంగంగానే తిరిగి వచ్చింది. పోల్ ఆండర్సన్ 1983 నాటి నవల 'ఒరాయన్ షల్ రైజ్'లో అణుయుద్ధానంతర ప్రపంచంలో అణుశక్తి నిషిద్ధం. ఒక సమాజం రహస్యంగా ఒరాయన్‌ను నిర్మిస్తుంది. స్వేచ్ఛ కోరేవారికీ, మరో వినాశాన్ని నివారించదలచినవారికీ మధ్య నవల సులభమైన తీర్పు ఇవ్వదు. లారీ నివెన్, జెర్రీ పోర్నెల్ 1985లో రాసిన 'ఫుట్‌ఫాల్' నవలలో గ్రహాంతర దురాక్రమణదారులను ఎదుర్కోవడానికి అమెరికా రహస్యంగా ఒరాయన్ నౌకను నిర్మిస్తుంది. ఇక్కడ ఒక విషయం గమనార్హం. భూమి నుండి బాంబులతో లేచే నౌకను పాఠకుడు అంగీకరించాలంటే రచయితలు మొత్తం మానవజాతిని మృత్యుముఖంలో నిలపవలసి వచ్చింది. అంతకంటే చిన్న ప్రయోజనం సరిపోదని కథా నిర్మాణమే ఒప్పుకుంది. లియూ సిషిన్ 2010లో ముగించిన చైనీస్ నవలాత్రయంలోని చివరి నవలలోనూ అంతరిక్షంలో వరుసగా పేల్చిన అణుబాంబులతో ఒక చిన్న నౌకను నెడతారు. అక్కడా కారణం గ్రహాంతర ముప్పే.

నక్షత్రాంతర యానంలో మాత్రం ఈ ఇబ్బంది తక్కువ. బ్రిటిష్ గ్రహాంతర సంఘం 1973 నుండి 1978 వరకు సాగించిన డెడాలస్ అధ్యయనం కేంద్రక సంలీనంతో నడిచే నౌకను రూపొందించింది. సుమారు 54,000 టన్నుల ఆ నౌక కాంతి వేగంలో 12 శాతం వేగంతో, దాదాపు 50 ఏళ్లలో బర్నార్డ్ నక్షత్రాన్ని చేరాలి. దానికి కావలసిన హీలియం–3ను గురుగ్రహ వాతావరణం నుండి సేకరించాలని ప్రతిపాదించారు. రోవర్‌కు దారి తీసిన బసార్డ్ 1960లో నక్షత్రాంతర హైడ్రోజన్‌నే ఇంధనంగా పోగుచేసుకునే సంలీన ఇంజనును ఊహించారు. పోల్ ఆండర్సన్ 1970 నాటి నవల 'టావ్ జీరో' దాని ఆధారంగానే సాగుతుంది. భూమికి దూరంగా నడిచే ఈ ఇంజన్ల విషయంలో ఇరుగుపొరుగు ఎవరూ లేరు. అందువల్ల సమ్మతి ప్రశ్నా తలెత్తలేదు.

8. వర్తమానం – పాత ప్రశ్న, కొత్త రూపం:

అంతరిక్షంలో రియాక్టర్లు అసలే పనిచేయలేదని అనలేము. 1965 ఏప్రిల్ 3న అమెరికా ప్రయోగించిన స్నాప్–10ఎ రియాక్టరు 43 రోజులు పనిచేసింది. ఆ ఉపగ్రహంలోని చిన్న అయాన్ ఇంజను కొద్దిసేపు నడిచింది. సోవియట్ యూనియన్ రాడార్ ఉపగ్రహాలలో విద్యుత్తు కోసం రియాక్టర్లను వాడింది. వాటిలో ఒకటైన కాస్మోస్–954 1978 జనవరి 24న కెనడా ఉత్తర ప్రాంతంపై కూలి, రేడియోధార్మిక శకలాలను వెదజల్లింది. ఉపగ్రహంతో ఏ సంబంధమూ లేని దేశం దాని శకలాలను ఏరుకోవలసి వచ్చింది. 1981లో సోవియట్ యూనియన్ 30 లక్షల కెనడియన్ డాలర్లు చెల్లించి వివాదాన్ని పరిష్కరించుకుంది.

ఈ అనుభవం నేపథ్యంలో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 1992 డిసెంబరులో అంతరిక్షంలో అణుశక్తి వనరుల వినియోగానికి సూత్రాలను ఆమోదించింది. అయితే అవి విద్యుదుత్పత్తికి ఉద్దేశించిన వనరులకే వర్తిస్తాయి. చోదనానికి వాడే రియాక్టర్లను వాటి పరిధి నుండి స్పష్టంగానే మినహాయించారు. అణు రాకెట్ తిరిగి ప్రాణం పోసుకుంటే దానికి సంబంధించిన నియమాలు ఇంకా రాయవలసే ఉంది.

అటువంటి ప్రయత్నాలు జరుగుతూనే ఉన్నాయి. గురుగ్రహ ఉపగ్రహాల పరిశీలనకు 2003లో నాసా చేపట్టిన ప్రొమీథియస్ కార్యక్రమంలోని అణు విద్యుత్ నౌక 2005లో ఆగిపోయింది. నాసా, డార్పా కలిసి 2023లో ప్రకటించిన డ్రాకో పథకం 2027 నాటికి అణు ఉష్ణ ఇంజనును కక్ష్యలో పరీక్షించాలని తలపెట్టింది. 2025లో అదీ ఆగిపోయింది. ఈ రూపకల్పనలన్నిటిలో ఒక సామాన్య నియమం ఉంది. రియాక్టరును చల్లగా, ఎన్నడూ నడపని స్థితిలో రసాయన రాకెట్‌పై పంపి, సురక్షితమైన ఎత్తుకు చేరిన తరువాతనే మొదలుపెట్టాలి. 1950లో బెల్జియన్ చిత్రకథ ఎంచుకున్న మార్గానికి ఇది చాలా దగ్గర. అభ్యంతరాన్ని రూపకల్పనలో ఇముడ్చుకున్న వైఖరే చివరికి ఇంజనీరింగ్ నియమమైంది.

కల్పనలోనూ ఇదే సర్దుబాటు కనిపిస్తుంది. ఆండీ వియర్ 2011 నాటి నవల 'ది మార్షియన్'లో అంగారక యాత్రికులను తీసుకువెళ్లే హెర్మీస్ నౌక రియాక్టరుతో, అయాన్ ఇంజన్లతో నడుస్తుంది. అది అంతరిక్షంలోనే నిర్మితమై, ఎన్నడూ భూమికి దిగదు. దాని అణుశక్తి గురించి కథలో ఎవరూ వాదించుకోరు. వాదన ముగిసినందువల్ల కాదు, భూమి నుండి ఇంజనును దూరంగా ఉంచినందువల్ల వాదనకు అవకాశం తగ్గింది.

9. ముగింపు:

అణు చోదన చరిత్రలో రెండు వేర్వేరు ముగింపులు ఉన్నాయి. నెర్వా పనిచేసింది, కానీ దానిని కోరే యాత్ర లేకపోయింది. ఒరాయన్‌కు యాత్రలు సిద్ధంగా ఉన్నాయి, కానీ దాని ధూళిని పీల్చవలసినవారి సమ్మతి లేకపోయింది. రెండింటిలోనూ నిర్ణయించినది పదార్థాల బలం కాదు, సమాజపు ప్రయోజనం, అంగీకారం. విశిష్ట ప్రచోదనాన్ని సెకన్లలో కొలవవచ్చు. ఈ రెండింటినీ కొలిచే సాధనం ప్రయోగశాలలో లేదు.

ఈ ప్రశ్నను గుర్తించడంలో వైజ్ఞానిక కల్పన సాంకేతిక నివేదికల కంటే ముందుంది. 'డెస్టినేషన్ మూన్' దానిని అడిగి తోసిపుచ్చింది. టిన్‌టిన్ కథ దానికి జవాబు వెతికింది. '2001' దానిని దూరంగా నెట్టింది. 'ఒరాయన్ షల్ రైజ్' దానినే ఇతివృత్తంగా స్వీకరించింది. ఈ వరుస ఒక సమాజం తన భయాన్ని క్రమంగా అర్థం చేసుకున్న తీరుకు నమోదు. సాంకేతిక చరిత్రను రాసేవారికి సాహిత్యం ఆధార సామగ్రిగా ఉపయోగపడే మార్గం ఇది. కథలో యంత్రం ఎలా పనిచేస్తుందో చూడడంతో పాటు, ఆ యంత్రం మొదలయ్యే క్షణంలో కథకుడు చుట్టూ ఎవరిని నిలబెట్టాడు, ఎవరిని కనబడకుండా చేశాడు అన్నది కూడా చూడాలి.

అంగారక యాత్ర మళ్లీ చర్చకు వస్తున్న ఈ కాలంలో అణు ఇంజను కూడా మళ్లీ చర్చకు వస్తుంది. అప్పుడు ఇంజనీర్లు నెవాడా నివేదికలను తిరగవేస్తారు. 1963లో తన నౌకకు వ్యతిరేకంగా సాక్ష్యమిచ్చిన డైసన్ లెక్కను కూడా వారు వాటి పక్కనే ఉంచుకోవలసి ఉంటుంది. ఆ లెక్కలో బాంబుల సంఖ్యతో పాటు, పేర్లు తెలియని మనుషుల సంఖ్య కూడా ఉంది.